267 అక్షరాల ఫైలు

ఇంకా విండోస్ 7 ఎవరు వాడుతున్నారండీ అని నవ్వేవాళ్లు ఒకసారి దస్తావేజు లేఖరుల ఆఫీసులకి వచ్చి చూడాలి. రాజోలులో మా ఆఫీసు వెనక గదిలో ఉన్నది అదే. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో దానికి సపోర్టు ఆపేసింది. కానీ మా పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత స్కానరు, గురువుగారు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న దస్తావేజుల నమూనాలు అన్నీ దాని మీదే కుదురుగా నడుస్తున్నాయి. నడిచేదాన్ని కదపకూడదనేది గురువుగారి సిద్ధాంతం. నిజం చెప్పాలంటే నాదీ అదే.

ఆ కంప్యూటర్‌తో గొడవ ఒక పీడీఎఫ్ దగ్గర బయటపడింది. సఖినేటిపల్లి లంకలో కొబ్బరి తోట కొనుక్కుని దుబాయ్‌లో ఉంటున్న ఒకాయన ఫోన్ చేసి, తన లింకు డాక్యుమెంటు, అంటే ఆ భూమి పాత దస్తావేజు, స్కాన్ కాపీ ప్రింటు తీసి వాళ్ల అన్నయ్యగారికి ఇమ్మన్నారు. ముందు గదిలో కుర్రాడు తన కంప్యూటర్‌లో చక్కగా తెరిచి చూపించాడు. ప్రింటరు ఉన్నది వెనక గదిలో. అక్కడ అదే ఫైలు నొక్కితే, అలాంటి ఫైలే లేదంటుంది. పేరు మాత్రం కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంటుంది. పేరు మార్చబోతే మార్చనివ్వదు, కాపీ అంటే కాదంటుంది, పోనీ డిలీట్ అన్నా ఒప్పుకోదు. ఫైలు పేరు ఈ ఫైల్ సిస్టమ్ భరించేదానికన్నా పొడుగ్గా ఉందని ఇంగ్లీషులో ఒక చిన్న డబ్బా వస్తుంది.

"ఆయ్, నా దగ్గర తెరుచుకుంటోంది కదక్కా" అంటాడు కుర్రాడు. "వైరస్సేమో చూడమ్మాయ్" అంటారు గురువుగారు. ముందు గదిలోంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని ప్రింటు తీసి ఇచ్చేశాం కాబట్టి ఆ పూటకి గండం గడిచింది. కానీ ఫైలు ఉన్నది వెనక గది డిస్కులోనే. ముందు గది దాన్ని నెట్‌వర్కులో అరువు తెచ్చుకుని చూస్తోంది. సొంత ఇంట్లో దొరకని వస్తువు పక్కింటివాళ్లకి ఎలా కనిపిస్తోంది?

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిస్తే అటూ ఇటూ నొక్కి, డిస్కు పాడైపోతోంది మేడం, ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేసేద్దాం అన్నాడు. డిస్కు సంగతి నిజమే, కొన్నాళ్లుగా టిక్కు టిక్కుమంటోంది. కానీ ఈ ఫైలు జబ్బు వేరు. విండోస్ 10 వేసినంత మాత్రాన అది పోదు కూడా. 2016లో వచ్చిన 1607 వెర్షన్ నుంచి పొడుగు దారులకి, అంటే డ్రైవు నుంచి ఫైలు పేరు దాకా ఉండే పొడుగు చిరునామాలకి, వీలు కల్పించారు గానీ, రిజిస్ట్రీలోనో గ్రూప్ పాలసీలోనో ఆ సెట్టింగు మనమే ఆన్ చేయాలి. చేసినా, పొడుగు దారులు నాకు తెలుసు అని ప్రకటించుకున్న ప్రోగ్రాములకే అది పనిచేస్తుంది. 2001 నాటి పేజ్‌మేకర్ 7కి ఆ ప్రకటన ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు లెక్క ఇది. విండోస్‌లో ప్రోగ్రాములు ఫైళ్లని అడిగే పాత పద్ధతిలో ఒక ఫైలు పూర్తి దారికి 260 గడులే కేటాయించారు. డ్రైవు అక్షరం, కోలన్, ప్రతి ఫోల్డరు పేరు, మధ్యలో గీతలు, చివర ఫైలు పేరు, చుక్క, ఎక్స్‌టెన్షన్, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇక్కడితో దారి అయిపోయింది అని చెప్పే సున్నాకి ఒక గడి పోతుంది. మనకి మిగిలేవి 259. డిస్కు మీద ఫైళ్లని సర్దే ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మాత్రం 32,767 దాకా భరిస్తుంది. అంటే ఫైల్ సిస్టమ్ భరించలేకపోతోందని డబ్బాలో వచ్చే మాట అబద్ధం. భరించలేనిది ఫోల్డర్లు తెరిచి చూడ్డానికి మనం రోజూ వాడే ఎక్స్‌ప్లోరర్. కొత్త ఫోల్డరు చేయాలంటే హద్దు ఇంకా ముందే వస్తుంది, 248 దగ్గర. తేడా 12 ఎందుకంటే, డాస్ కాలం నాటి పేరు, అంటే 8 అక్షరాలు, ఒక చుక్క, 3 అక్షరాల ఎక్స్‌టెన్షన్, లోపల పెట్టుకోవడానికి చోటు మిగలాలట. విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లు పెట్టుకోండర్రా అన్నాక కూడా ఆ పన్నెండూ అలాగే ఉండిపోయాయి.

మా ఫైలు దారి ఇదీ: డి డ్రైవు \ ఆఫీసు ఫైళ్లు \ దస్తావేజులు \ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా \ రాజోలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు \ సఖినేటిపల్లి లంక గ్రామం \ సర్వే నంబరు 145 బై 2ఏ \ స్కాన్ చేసినవి. వీటి లోపల ఫైలు పేరు: సఖినేటిపల్లి లంక గ్రామం సర్వే నంబరు 145 బై 2ఏ క్రయ దస్తావేజు ఫైనల్ కరెక్షన్ తర్వాత రెండో ప్రింట్ కొత్తది.

(సర్వే నంబరుని నమూనాకి మార్చాను, మిగతాదంతా ఉన్నదున్నట్టే.) ఎక్స్‌టెన్షన్‌తో కలిపి ఫైలు పేరే 108. దారంతా 267. ఈ పేరులో నాకు బాగా నచ్చేది "145 బై 2ఏ". ఫైలు పేరులో స్లాష్ గీత పెట్టనివ్వదు కదా, అందుకని ఎవరో బై అని పలికినట్టే రాశారు. అప్పటి నుంచి ఆఫీసంతా అదే బాణీ.

ఈ లెక్క కంటితో వేస్తే తప్పుతుంది. లక్ష్మి అని రాస్తే మనకి రెండక్షరాలు. విండోస్‌కి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వత్తులన్నీ పొల్లుతో కలిపి రెండేసి. కొన్నిచోట్ల అక్షరాలు అతుక్కోకుండా కీబోర్డు పెట్టే కంటికి కనపడని గుర్తు ఒకటుంటుంది, దానికీ ఒక గడి. ఇదంతా చూసి ఇంగ్లీషులో పేర్లు పెడితే సరిపోయేది కదా అన్నాడు కుర్రాడు. సరిపోదు. సత్యనారాయణ తెలుగులో 10, ఇంగ్లీషు స్పెల్లింగులో 13. నింద తెలుగు మీద వేయడానికి లేదు. పైగా ఫోల్డర్ల పేర్లకి అను పనికిరాదు, ఆ ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు పిచ్చి గీతలు మిగులుతాయి. అందుకే ఇవన్నీ ఏ ఫాంటులోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో కొట్టినవి. ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంటు పేరు గౌతమి. గోదావరి పాయల్లో మాది వశిష్ఠ వైపు, అయినా ఫిర్యాదు లేదు.

ఇంతకీ ఈ ఫైలు మొదట్లో ఎలా తెరుచుకునేది? 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి కోనసీమ విడిగా జిల్లా అయింది. అదే ఏడాది దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. దస్తావేజులో జిల్లా పేరు పొల్లు పోకుండా రాయాలి, లేకపోతే సబ్ రిజిస్ట్రార్ గారు తిప్పి పంపుతారు. గురువుగారు ఆ నియమాన్ని కంప్యూటర్‌కి కూడా వర్తింపజేసి, ఫోల్డరు పేరూ మార్చమన్నారు. అప్పటిదాకా "తూర్పు గోదావరి జిల్లా" అని 21 గడులు. కొత్త పేరు 39. తేడా 18. విండోస్ పై ఫోల్డరు పేరు మార్చేటప్పుడు లోపల ఎవరెవరు గీత దాటుతున్నారో చూడదు, ఆ ఒక్క పేరూ మార్చి ఊరుకుంటుంది. 249 దగ్గర హాయిగా ఉన్న మా ఫైలు 267కి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా పైకి రాలేదు.

ముందు గది సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. అక్కడ దస్తావేజులు అనే ఫోల్డరుని జెడ్ డ్రైవుగా కలిపారు. ఆ కంప్యూటర్ లెక్క జెడ్ నుంచి మొదలవుతుంది కాబట్టి పై 28 గడుల బదులు మూడే పడతాయి. దానికి ఈ ఫైలు దారి 242. అక్కడ కూర్చుని ఇంకో 25 గడులు పొడుగు పేరు పెట్టినా ఒప్పుకుంటుంది, వెనక గది నెత్తిన పడుతుంది. జిల్లా పేరు మారకముందే ఇలా పుట్టినవి కూడా కొన్ని దొరికాయి.

పేర్లు సర్దడం కంటే ముందు కాపీ కావాలని పట్టుబట్టాను, ఎందుకంటే డిస్కు టిక్కుమంటోంది. మామూలుగా కాపీ పేస్టు చేస్తే మధ్యలో ఆగి, వదిలేయమంటావా మానేయమంటావా అంటుంది. వదిలేయమంటే ఆ వదిలేసినవి ఏవో తర్వాత ఎవరికీ గుర్తుండవు. విండోస్ 7లోనే ఉచితంగా ఉన్న రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రామే ఇక్కడ దేవుడు. విస్టా నుంచి విండోస్‌తో పాటే వస్తోంది, 260 దాటిన దారులు దానికి లెక్కే కాదు. అది నల్ల కిటికీలో, అంటే కమాండ్ ప్రాంప్టులో నడుస్తుంది. విండోస్ 7 నల్ల కిటికీలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. తెలుగు దారి అక్కడ చేత్తో కొట్టడం మన వల్ల కాదు. చిట్కా ఏంటంటే, ఫోల్డరుని మౌస్‌తో పట్టుకుని ఆ కిటికీలో వదిలేయడమే. పేరు మధ్యలో ఖాళీలుంటే కొటేషన్లతో సహా దారంతా వచ్చి పడుతుంది. చూడ్డానికి డబ్బాలే అయినా లోపల అక్షరాలు సరిగ్గానే ఉంటాయి.

కమాండులో మొదట పాత ఫోల్డరు, తర్వాత కొత్త డిస్కులో ఫోల్డరు, ఆ తర్వాత స్లాష్ ఈ, అంటే ఖాళీవి సహా లోపలి ఫోల్డర్లన్నీ. ఇంకో రెండు తప్పకుండా పెట్టాలి: స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఇవి లేకపోతే చదవలేని ఫైలు తగిలినప్పుడు రోబోకాపీ దాని అలవాటు ప్రకారం పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలు దగ్గరే దాదాపు ఏడాది. చావుకి సిద్ధంగా ఉన్న డిస్కుతో ఆ ఓపిక పనికిరాదు. రిపోర్టు తెలుగులో చదువుకోవాలంటే స్లాష్ యూనిలాగ్ కోలన్ అని పెట్టి ఫైలు పేరు ఇవ్వాలి, నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి. రాత్రి పెట్టి వెళ్లిపోయాను. తెల్లారి వచ్చి రిపోర్టు చివర ఫెయిల్డ్ అన్న గడి చూశాను. సున్నా. అప్పుడు గానీ టెన్షన్ తగ్గలేదు.

వైజాగ్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు, లైనక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి కాపీ చేసుకోక్కా, అక్కడ ఈ 260 గోల లేదు అన్నాడు. గోల లేదన్నది నిజమే, ఇంకో గోల ఉంది. లైనక్స్ వాళ్ల ఈఎక్స్‌టీ4 డిస్కులో ఒక్కో పేరుకి 255 బైట్లే హద్దు, తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు. మన 108 గడుల పేరు అక్కడ 278 బైట్లు. దారి దాటనిచ్చినా పేరు దగ్గర ఆపేస్తుంది. వాడికి ఈ లెక్క పంపితే బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

కాపీ భద్రమయ్యాక అసలు పని. ఏవేవి గీత దాటాయో తెలియాలి. ఫైళ్ల జాబితా ఇచ్చే డీఐఆర్ కమాండు పనికిరాదు, పొడుగైన చోట డైరెక్టరీ పేరు మరీ పొడుగు అని చెప్పి దాటుకుపోతుంది. మళ్లీ రోబోకాపీయే. స్లాష్ ఎల్ పెడితే కాపీ చేయకుండా జాబితా మాత్రం ఇస్తుంది, స్లాష్ ఎఫ్‌పీ పెడితే పూర్తి దారులతో ఇస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో వేసి, ముందున్న ఖాళీలు తీసేసి, పక్క వరసలో లెన్ ఫార్ములా పెట్టి పెద్దవి పైకొచ్చేలా సర్దాను. లెన్ కూడా విండోస్ లాగే పొల్లునీ గుణింతాన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది, కాబట్టి ఆ అంకెని నమ్మొచ్చు. జాబితాలో గీత దాటినవాటిలో ఎక్కువ భాగం "కరెక్షన్ తర్వాత", "కొత్తది", "ఇదే ఫైనల్" బాపతు.

ఎక్సెల్ గురించి ఇంకో మాట. దాని సొంత హద్దు 218. స్టాంపు డ్యూటీ లెక్కల షీట్లు కొన్ని 230 దగ్గర ఉండి, ఎక్స్‌ప్లోరర్‌లో పేరు మారుతూ, కాపీ అవుతూ, ఎక్సెల్‌లో మాత్రం తెరుచుకోవడం లేదు. 259 ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇవి అంతుపట్టవు.

గీత దాటిన ఫైలు పేరు ఎక్స్‌ప్లోరర్‌లో మార్చాలంటే సబ్‌స్ట్ అనే చిన్న కమాండు చాలు. సబ్‌స్ట్, ఎక్స్ కోలన్, తర్వాత ఫోల్డరు దారి. సఖినేటిపల్లి లంక గ్రామం ఫోల్డరుని అలా ఇస్తే కంప్యూటర్‌లో ఎక్స్ అని కొత్త డ్రైవు పుడుతుంది, దాన్ని తెరిస్తే నేరుగా ఆ ఫోల్డరు లోపలే ఉంటాం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగినట్టు. లెక్క ఎక్స్ నుంచి మొదలవుతుంది కాబట్టి 267 ఉన్నది 148 అయింది. ఎఫ్2 నొక్కితే పేరు మారిపోయింది. నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకూడదు, అలా తెరిచి చేస్తే ఆ ఎక్స్ డ్రైవు మామూలు ఎక్స్‌ప్లోరర్‌కి కనపడదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అదే మాయమవుతుంది, ముందే తీసేయాలంటే సబ్‌స్ట్, ఎక్స్ కోలన్, స్లాష్ డి. నల్ల కిటికీ అంటే భయపడేవాళ్లకి 7-జిప్ వాళ్ల ఫైల్ మేనేజర్ ఉంది, అందులో పొడుగు దారి ఫైళ్లకి కూడా పేరు మార్చుకోవచ్చు. కుర్రాడు దాంతోనే చేశాడు.

ఇక కొత్త పద్ధతి. జిల్లా ఫోల్డరుకి పొట్టి పేరు పెడదామా అని మొదట అనుకున్నాం. నాకు నచ్చలేదు. దస్తావేజులో పూర్తిగా రాసే పేరుని ఇక్కడ తుంచడం దేనికి? మా ఫైళ్లన్నీ ఇప్పుడు ఒకే జిల్లావి, కాబట్టి ఆ ఫోల్డరే అక్కర్లేదు. దాని లోపలివి ఒక మెట్టు పైకి తెచ్చేశాం. "సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు" పోయి రాజోలు మిగిలింది. గ్రామం అన్న మాట పోయింది. "సర్వే నంబరు 145 బై 2ఏ" పోయి 145-2ఏ అయింది. ఫైలు పేరు: 2021-1457 క్రయ. అంటే రిజిస్టరైన సంవత్సరం, డాక్యుమెంటు నంబరు, రకం. మొత్తం దారి 92.

గురువుగారికి ఇది మింగుడు పడలేదు. "పార్టీ వచ్చి తన పేరు చెప్తాడు గానీ, డాక్యుమెంటు నంబరు చెప్తాడా?" న్యాయమైన ప్రశ్నే. అందుకని ఎక్సెల్‌లో ఒక రిజిస్టరు పెట్టాం: నంబరు, ఊరు, అమ్మినవారు, కొన్నవారు, విస్తీర్ణం. వెతుకులాట అందులో. అయినా ఆయన తృప్తి కోసం కొన్నవారి ఇంటిపేరు ఫైలు చివర పెట్టడానికి ఒప్పుకున్నాను. దారి 150 దాటకూడదన్నది నా షరతు. 259 దాకా వాడుకోవచ్చుగా అంటే, రేపు ఈ ఫోల్డరంతా ఎత్తి బ్యాకప్ అని ఇంకో ఫోల్డర్లో, దాని లోపల తేదీ పెట్టిన ఫోల్డర్లో పడేస్తాం. ఆ పేర్ల పొడుగంతా ముందుకొచ్చి చేరుతుంది. ఖాళీ ఉంచుకోవాలి.

చివరగా, కొత్త డిస్కులో నేను సర్దుతూ అటూ ఇటూ కాపీలు చేసుకున్న పాత ఫోల్డర్లు కొన్ని మిగిలాయి. వాటిని డిలీట్ చేయబోతే మళ్లీ అదే డబ్బా. దీనికీ రోబోకాపీయే. ఒక ఖాళీ ఫోల్డరు చేసి, దాన్ని సోర్సుగా, పారేయాల్సినదాన్ని డెస్టినేషన్‌గా ఇచ్చి, స్లాష్ ఎమ్ఐఆర్ పెట్టాలి. మొదటిదానిలో లేనివన్నీ రెండోదానిలోంచి తీసేస్తుంది, అంటే అన్నీ. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. ఆ ఎంటర్ నొక్కేటప్పుడు గురువుగారు వెనక నిలబడి "ఏది ఖాళీది, ఏది నిండుది, ఇంకోసారి చెప్పమ్మాయ్" అన్నారు. చెప్పాను. రెండు వీధుల అవతల ఉన్న ఇంకో లేఖరిగారి ఆఫీసులో కూడా జిల్లా పేరుతో ఇదే తంతు జరిగిందని తెలిసి, వాళ్ల అమ్మాయికి ఈ కమాండులన్నీ కాగితం మీద రాసిచ్చాను. ఎమ్ఐఆర్ ఉన్నది మాత్రం రాయలేదు, కావాలంటే నేనే వచ్చి కొడతానన్నాను.